గోడ గీత

సోమవారం పొద్దున పది గంటలకి సైరన్ మోగింది. ప్రతి సోమవారమూ మోగేదే. రేవు అవతల గ్యాసు నిల్వచేసే కంపెనీ వాళ్ళు, అది పనిచేస్తోందో లేదో చూసుకోడానికి ఒక నిమిషం మోగించి ఆపేస్తారు. పాత పోస్టాఫీసు వీధిలో ఉన్న రాజు గ్రాఫిక్స్ అనే డీటీపీ షాపులో ఆ నిమిషం సేపూ ఎవరూ తల కూడా ఎత్తరు. జిరాక్సు మెషిను తన పాటికి తాను కాగితాలు కక్కుతూనే ఉంటుంది. ఆ రోజు మాత్రం కంప్యూటరు ముందు కూచున్న గజాలా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి మార్చి మార్చి చూస్తోంది.

రెండిట్లోనూ ఒకటే బొమ్మ. కంపెనీ ప్రహరీకి ఆనుకుని ఉన్న గంగాలమ్మపేట అనే జాలరిపేట మ్యాపు. సైరన్ పరీక్షకి కాకుండా నిజంగా మోగిన రోజున పేట జనం ఎటు పరుగెత్తాలో చూపించే మ్యాపు. మొదటి కాగితం రంగుల్లో ఉంది. అది పది రోజుల కిందటి ప్రూఫు. దాని ప్రకారమే ఫ్లెక్సు మీద ఆరు పెద్ద బోర్డులు ప్రింటయ్యి పేట సందుల్లో నిలబడ్డాయి. రెండోది ఇప్పుడే లేజర్ ప్రింటరులోంచి వేడివేడిగా వచ్చిన నలుపు కాగితం. శనివారం కంపెనీ వాళ్ళు పేటలో మాక్ డ్రిల్లు పెడుతున్నారు, అంటే ప్రమాదం వచ్చినట్టు అనుకుని అందరిచేతా ఉత్తుత్తి పరుగు తీయించడం. ఆ రోజు పంచే కరపత్రం అది.

నలుపు కాగితంలో, పేటకీ సముద్రపు ఇసుకకీ మధ్య, వెంట్రుకంత సన్నటి గీత ఒకటుంది. రంగుల కాగితంలో ఆ గీత లేదు. ఆ గీత గోడ.

ఎక్కడ పోయిందో గజాలాకి వెంటనే తెలిసిపోయింది, అదే ఆమె భయం. తెలియకపోతే ఇంకెవరి మీదకైనా నెట్టుకునేది. కంపెనీ ఇచ్చిన డ్రాయింగులో గీతలన్నీ వెంట్రుకల్లాగే వచ్చాయి. వాటిని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు కోరెల్‌లోకి తీసుకుని, సందులకీ కాలవకీ రోడ్డుకీ ఒక్కోదానికీ లావు పెంచుకుంటూ వచ్చింది. గోడ దగ్గర మర్చిపోయింది. కోరెల్‌లో వెంట్రుక గీతకి ఒక మాయ ఉంది. తెరమీద ఎంత దగ్గరికి లాగినా, ఎంత దూరంగా నెట్టినా అది ఒకే సన్నంతో కనిపిస్తూనే ఉంటుంది. ఉందనే అనుకుంటాం. అనుకుంది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఫ్లెక్సు మెషిను వాడి దగ్గర తెలుగు అక్షరాలు లేవు, ఫైలు అలాగే పంపితే వాడి కంప్యూటర్లో 'పరుగెత్తండి' అనేది పిచ్చిగీతలై కూచుంటుంది. అందుకని బొమ్మగా మార్చి పంపాలి. మొదటిసారి మార్చినప్పుడు గ్యాసు ట్యాంకుల గుండ్రాలకి రంపం పళ్ళు వచ్చాయి. సేఫ్టీ ఆఫీసరు ఉమామహేష్ గారు, సీతమ్మధార నుంచి స్కూటరు మీద వచ్చే నెమ్మదైన మనిషి, ఆ పళ్ళ మీద వేలు పెట్టి, ఇదేమిటండీ ఎలక కొరికినట్టుందన్నాడు. అప్పుడు గజాలా పట్టుదలకి పోయింది. ఎక్స్‌పోర్టు కిటికీలో ఒక చిన్న గడి ఉంది. దాని ఇంగ్లీషు పేరు షాపులో ఎవరికీ నోరు తిరక్క నున్నగడి అంటారు. దానికి టిక్కు పెట్టి, బొమ్మని నాలుగింతలు పెద్దదిగా తీసి, మళ్ళీ నాలుగో వంతుకి కుదించింది. గుండ్రాలు వెన్నపూస తీరుగా నున్నగా వచ్చాయి. ఆఫీసరు వేలితో అంచులన్నీ తడిమి, ఇదీ పనంటే అని ప్రూఫు మీద సంతకం చేశాడు.

ఆ కుదింపులో ట్యాంకుల పళ్ళతోపాటు గోడ కూడా కరిగిపోయింది. ఒక చుక్క మందం గీత నాలుగో వంతు అయితే రంగెక్కడ మిగులుతుంది? పసుపు ఇసుకలో పసుపై కలిసిపోయింది. కంపెనీ ఆ గోడ కట్టకముందు పేట మధ్య సందు సముద్రం దాకా ఉండేది. ఆ పాత సందుని డ్రాయింగులో అలాగే ఉంచి, దానిమీద గోడ గీత గీశారు. ఇప్పుడు గీత పోయేసరికి, బోర్డు మీద ఆ సందు తెల్లగా, నేరుగా, ఏ అడ్డూ లేకుండా ఇసుక దాకా పోతోంది.

కంపెనీ చూపించిన ఆకుపచ్చ బాణం ఎడమకి తిరిగి, కాలవ రోడ్డు పట్టుకుని, ట్యాంకుల ప్రహరీ పక్కనించే పోయి మెయిన్ రోడ్డు ఎక్కుతుంది. కానీ గ్యాసు వాసన తగిలినవాడు బాణాలు చదువుతాడా? తెల్లటి దారి చూస్తాడు, పరుగెత్తుతాడు. ముందు వెళ్ళినవాళ్ళు గోడకి కొట్టుకుంటారు, వెనకవాళ్ళు ముందువాళ్ళని తోస్తారు. గజాలా కళ్ళు మూసుకుంది. తొంభై ఏడులో రిఫైనరీ అంటుకుని ఊరి మీద నల్లపొగ కమ్మిన ఆదివారం ఆమెకి పద్దెనిమిదేళ్ళు. అమ్మీ చెయ్యి పట్టుకుని టౌనుకొత్తరోడ్డు మీద పరుగెత్తడం గుర్తుంది. అమ్మీ చెయ్యి ఒకసారి జారిపోవడం ఇంకా బాగా గుర్తుంది.

సైరన్ ఆగింది. షాపు యజమాని కృష్ణంరాజు గల్లాపెట్టె దగ్గర టీ తాగుతున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. తనకి నష్టం రానంతవరకూ చాలా మంచివాడు. గజాలా లేచి వెళ్ళి రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టి, వేలితో చూపించి, జరిగింది చెప్పింది.  ఆయన కళ్ళజోడు పైకెత్తి, దించి, చాలాసేపు చూశాడు. తర్వాత చూసినదాన్ని పక్కన పెట్టి ప్రూఫు కింద సంతకం చూపించాడు.

"ఇదెవరి సంతకం? ఆయనది. చూసుకునే పెట్టాడు కదా. నువ్వెందుకు పీక్కుంటావ్?"

బోర్డులు మారుద్దామని, ఖర్చు తన జీతంలో కొంచెం కొంచెంగా కోసుకోమని గజాలా అంది. ఖర్చు సంగతి కాదన్నాడు రాజు. కంపెనీ పని ఇదే మొదటిసారి, తప్పు జరిగిందని మనమే చెప్పుకుంటే ఇదే ఆఖరిసారి అవుతుందన్నాడు. ఆమెకింకా దింపుడు కల్లం ఆశేదో ఉండి, మరి కరపత్రంలో గీత కనిపిస్తుంది కదా, బోర్డుకీ దీనికీ తేడా వస్తుంది కదా అని అడిగింది. అడగకుండా ఉండాల్సింది.

"అవును, అదొకటుందే. బోర్డులో లేనిది కాగితంలో ఎందుకు? తీసెయ్."

గజాలా సీటు దగ్గరికి వచ్చింది. మౌసు గీత మీద పెట్టి నొక్కింది. గీత చుట్టూ ఎనిమిది నల్లచుక్కలు వచ్చి నిలబడ్డాయి. వెనకనించి రాజు చూస్తున్నాడని తెలుసు. డిలీట్ నొక్కింది. గోడ ఈసారి కుదింపులో కాదు, ఆమె చేత్తోనే పోయింది.

ఆ రాత్రి అమ్మీ మెహరున్నీసా అన్నం పెట్టి, ఏమైందే అలా ఉన్నావు అంటే, తలనొప్పి అంది.

*

మంగళవారం మధ్యాహ్నం రాజు భోజనానికి ఇంటికెళ్ళాడు. ఒకటిన్నరకి ఉమామహేష్ గారు హెల్మెట్ చంకలో పెట్టుకుని, కరపత్రం ప్రూఫు చూడ్డానికి వచ్చాడు. గజాలా కాగితం ఇచ్చింది. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. తీస్తూనే, డ్రిల్లు రోజున కలెక్టరాఫీసు వాళ్ళు వస్తున్నారనీ, ఇదే కాగితం చేత్తో పట్టుకుని దారి దారంతా నడిచి చూస్తారనీ, అందుకే అక్షరాలు కొట్టొచ్చినట్టు ఉండాలనీ అన్నాడు.

పెన్ను మూత తీసిన చప్పుడికి గజాలా తల ఎత్తింది. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించుకుంది. చెబితే ఉద్యోగం పోతుంది. రాజుగారు ముందు తిట్టడు, వచ్చే నెల నుంచి రానక్కర్లేదంటాడు, అంతే. అమ్మీ కుట్టుమిషను ఒక్కటే ఇల్లు నడపలేదు. చెప్పకపోతే శనివారం, లేదా ఇంకో ఏడాదికి ఇంకో రోజు, ఎవరి చెయ్యో ఎవరి చేతిలోంచో జారుతుంది.

"సార్, సంతకం పెట్టకండి. ఇందులో గోడ లేదు. బోర్డుల్లో కూడా లేదు. నా తప్పే."

ఆయనకి మొదట అర్థం కాలేదు. ఆమె తెరమీద పాత ఫైలు తెరిచి గీత చూపించింది, తర్వాత రంగుల ప్రూఫు పక్కన పెట్టింది. ఆయన చూపు సందు వెంబడి ఇసుక దాకా పోయింది, తిరిగొచ్చి కాగితం అడుగున తన సంతకం మీద ఆగింది.  జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు కూచునే ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

మెల్లిగా మాట్లాడాడు. ఆ కాలవ రోడ్డు మీద తాను వాచీ పట్టుకుని నడిచి చూశాడట. వయసులో ఉన్నవాడికి నాలుగు నిమిషాలు పడుతుంది, ముసలమ్మకి తొమ్మిది. ఆ తొమ్మిదీ ట్యాంకుల పక్కనే. అదే బాగోలేదని రాసిస్తే పైవాళ్ళు వేరే దారి లేదు కదా అన్నారట. ఇప్పుడు తన సంతకంతోనే లేని దారి చూపించిన బోర్డులు లేచాయి. ఆయన నుదుటిమీద చెమట తుడుచుకున్నాడు. గజాలాకి అప్పటిదాకా తానొక్కతే భయపడుతున్నానని ఉండేది. ఆఫీసర్లకి కూడా కాళ్ళు చల్లబడతాయని ఆమె అప్పుడే చూసింది, దాంతో ఆమె భయం తగ్గకపోగా రెండింతలైంది.

"చెప్పడం మంచిదైంది," అని ఆయన లేచాడు. "సాయంత్రం నేనే వెళ్ళి ఆ గోడ చూసి, కొలతలు తీసుకుని వస్తాను. రాజుగారితో నేను మాట్లాడతాను, మీ పేరు రాదు."

ఆయన స్కూటరు మలుపు తిరిగాక గజాలా టిఫిను డబ్బా తెరిచింది. నిన్న పొద్దుటి తర్వాత ఇప్పుడే అన్నం గొంతు దిగింది.

*

బుధవారం పొద్దున్నే ఆమె షాపుకి వెళ్ళకుండా గంగాలమ్మపేటకి వెళ్ళింది. బోర్డులు మారేసరికి ఇంకా మూడు రోజులు పట్టొచ్చు. ఈలోగా సైరన్ మోగదని ఎవరు రాసిచ్చారు? కనీసం నోటితోనైనా నలుగురికి చెప్పి రావాలి. ఆటో కాలవ రోడ్డు మొదట్లో దింపేసింది. ఒక పక్క ట్యాంకుల ప్రహరీ, దానిమీద ముళ్ళకంచె. ఇంకో పక్క కాలవ. రోడ్డు పొడుగునా ఆమె నిమిషాలు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఆరు అయ్యేసరికి ఆయాసం వచ్చింది.

పేటలోకి తిరిగే మలుపులో మొదటి బోర్డు కనిపించింది. గజాలా అక్కడే ఆగిపోయింది. బోర్డుకి పసుపు రాసి ఉంది. నాలుగు మూలలా కుంకం బొట్లు, పైన వాడిన బంతిపూల దండ. తాను నున్నగా తీసిన ట్యాంకుల గుండ్రాలు మెరుస్తున్నాయి. తెల్లటి సందు నేరుగా ఇసుకలోకి పోతోంది. ఆ సందు మీద కూడా ఎవరో వేలితో బొట్టు పెట్టారు.

బోర్డు కింద ఒక పెద్దావిడ గోనెపట్టా మీద సావిళ్ళనే పొడుగాటి చేపలు ఎండబెడుతోంది. చేపని తోక పట్టి తిప్పడం, పక్కదాని మీద పడకుండా పరవడం, మధ్యలో కాకిని అదిలించడం, అన్నీ ఒకే చేత్తో చేస్తోంది. ఆవిడ పేరు పోతమ్మ. గజాలా దగ్గరికి వెళ్ళి, ఈ బోర్డు తాను పనిచేసే షాపులోనే తయారైందని చెప్పింది. ఆ తర్వాత మాట ఎలా ఎత్తాలో తెలియక ఆగింది. పోతమ్మ చేతులు చీరకి తుడుచుకుని గబుక్కున లేచింది.

"ఓలమ్మా, నువ్వేటి సేసినావు ఇది? సల్లగుండు తల్లీ. మాం ఆరేళ్ళుగా ఒకటే బెంగ."

గజాలా, అది కాదమ్మా, ఆ సందు చివర గోడ ఉంది, బోర్డు తప్పు, అటు పరుగెత్తకండి అని ఒక్క గుక్కలో చెప్పేసింది. పోతమ్మ ఆమె ముఖంలోకి చూసి నవ్వింది. పిచ్చిపిల్లని చూసినట్టు చూసి, చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కుపోయింది. చేప తడి ఉన్న చెయ్యి అది, పట్టు గట్టిది. ఇళ్ళ మధ్య నుంచి, వలలు అల్లుతున్న మగవాళ్ళ కాళ్ళు దాటుకుంటూ, సందు చివరిదాకా.

గోడ ఉంది. మనిషిన్నర ఎత్తు, బూడిదరంగు, ఇటూ అటూ కనుచూపు మేర. సరిగ్గా సందు ఎదురుగా ఆ గోడకి ఒక సందు ఉంది. ఇటుకలు ఊడదీసి, అంచులు ఒళ్ళు గీసుకోకుండా సిమెంటు మెత్తి, కింద గడపలా ఒక రాయి వేశారు. రాయికి పసుపు. అవతల ఇసుక, ఇసుక మీద పడవలు, వాటి వెనక సముద్రం. ఇద్దరు మనుషులు వల మోసుకుంటూ, ఒంగకుండానే, అందులోంచి ఇవతలికి వచ్చారు.

పోతమ్మ చెప్పుకుపోయింది. గోడ కట్టిన నెలకే పేటవాళ్ళు దాన్ని విప్పారు. పడవల దగ్గరికి పోవాలంటే చుట్టూ తిరిగి మైలు నడవాలి మరి. అప్పటినుంచీ కంపెనీ వాచ్‌మెన్ కేకలేస్తే గోనెపట్టా కట్టెయ్యడం, వాడు పోతే తీసెయ్యడం. ఎప్పుడు పూడ్చేస్తారో అని రోజూ దడే.

"ఆ మంటల రోజుని ఇలాగే ఇసకలోకి ఎల్లిపోనాం పాపా. అప్పుడు గోడ నేదు. పడవలెక్కీసి నీల మీద కూకున్నాం, పేటంతా బతికినాం. ఇప్పుడు కంపెనీవోళ్ళే బోర్డులో దారి ఏసీసినారు. ఒప్పుకున్నారన్నమాటే కదా? మా పేట పెద్ద గవర్రాజు పసుపు రాయమన్నాడు. నిన్న సాయంత్రం ఆఫీసరొచ్చి టేపెట్టి కొలిసినాడు కూడాను. గేటు ఎడతారేమో."

గజాలా గోడకి చెయ్యి ఆనించింది.  నిన్న మధ్యాహ్నం, స్టూలు మీద కూచున్న ఆ మనిషికి, తన నోటితో తానే చెప్పింది. గోడ ఉండాలి సార్, గోడ లేకుండా వేశాను సార్, నా తప్పే సార్. ఆయన వచ్చాడు, చూశాడు, కొలిచాడు. గేటు పెట్టడానికి కొలవలేదని ఆమెకి తెలుసు. బోర్డు తప్పు కాదు. ఆ ఆరు బోర్డులూ, ఈ ఊళ్ళో నిజం చెప్పిన కాగితాలేవైనా ఉంటే, అవే.

పోతమ్మకి నిజం చెప్పలేకపోయింది. చెప్పాలని నోరు తెరిచింది కూడా. ఆవిడ అప్పటికే ఒక కాగితంలో నాలుగు ఎండు సావిళ్ళు చుట్టి ఆమె సంచిలో పెడుతోంది.  తిరిగి వచ్చేటప్పుడు కాలవ రోడ్డు మీద ఆమె నిమిషాలు లెక్కపెట్టలేదు, ఏడుస్తూ నడిచింది.

మధ్యాహ్నం షాపులో ఫోను మోగింది. ఉమామహేష్ గారు గజాలానే అడిగి మాట్లాడాడు. పక్కన ఇంకెవరో ఉన్నప్పుడు మాట్లాడే గొంతు అది, ఆచితూచి ఒక్కో మాటా. గోడ గీత లావుగా, నల్లగా, ఈ చివర నుంచి ఆ చివరికి వేయమని మేనేజరుగారు చెప్పమన్నారట. కరపత్రమూ ఆరు బోర్డులూ మళ్ళీ తీయాలట, ఖర్చు కంపెనీదేనట, రేపు తానొచ్చి ప్రూఫు చూస్తాడట. ఆమె, సార్ ఆ గోడకి దారి ఉంది కదా, మీరు చూశారు కదా అంది. 

"చూశాను. అది అనధికారికం. డ్రిల్లుకి ముందు పేటలో గొడవెందుకని ఆగాం. సోమవారం మేస్త్రీ వచ్చి మూసేస్తాడు."

ఫోను పెట్టేశాడు. రాజు ఇటు తిరిగి, ఏమిటట అన్నాడు. గోడ వేసి బోర్డులు మళ్ళీ తీయాలట, ఖర్చు వాళ్ళదేనట అని చెప్పింది. రాజుకి అంతకన్నా కావలసిందేముంది? చూశావా, నేను చెప్పలేదూ, కంగారుపడకపోతే అన్నీ అవే సర్దుకుంటాయని అంటూ సంతోషంగా టీ తెప్పించాడు.

*

గురువారం పొద్దున గజాలా గోడ గీత ఉన్న పాత ఫైలు తెరిచింది. మెరుగులు దిద్దాల్సిన పనేమీ లేదు. గోడ గీతని పట్టుకుని లావు మూడు పాయింట్లు చేసింది. నలుపు వేసింది. ఇప్పుడు గోడని ఎంత కుదించినా కరగదు. సందు మీదనుంచి అది అడ్డంగా, తిరుగులేకుండా పోయింది. దాన్ని చూస్తూ కూచుంది.

తర్వాత కత్తెర పనిముట్టు తీసుకుంది. గీత మీద, సందుకి ఎదురుగా, ఒకచోట నొక్కింది. కొంచెం పక్కన ఇంకోచోట నొక్కింది. మధ్య ముక్కని ఎంచుకుంది. ఎనిమిది నల్లచుక్కలు వచ్చి నిలబడ్డాయి. మొన్న ఇవే చుక్కలు, ఇదే గోడ. అప్పుడు వెనక రాజు ఉన్నాడు. ఇప్పుడు ఎవరూ లేరు. డిలీట్ నొక్కింది. గోడకి సందు పడింది. ఆకుపచ్చ బాణం ఇంకొకటి తీసి ఆ సందులోంచి ఇసుక మీదకి లాగింది. పక్కన చిన్న అక్షరాల్లో 'అత్యవసర దారి' అని కొట్టింది. కొట్టాక ఒకసారి చెరిపేసింది. మళ్ళీ కొట్టింది, ఈసారి పెద్ద అక్షరాల్లో.

నున్నగడికి టిక్కు పెట్టింది. నాలుగింతలు తీసి, నాలుగో వంతుకి కుదించి, బొమ్మని పెద్దది చేసి గోడ పొడవునా వెతికింది. గోడ ఉంది. సందు ఉంది. ప్రింటు ఇచ్చింది.

ఉమామహేష్ గారు పన్నెండింటికి వచ్చాడు. ఈసారి రాజు షాపులోనే ఉన్నాడు. కుర్చీ వేయించాడు, ఫ్యాను తిప్పించాడు, కూల్‌డ్రింకు తెప్పించబోతే ఆయన వద్దన్నాడు. గజాలా ప్రూఫు కౌంటరు మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. దుపట్టా కొసని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

ఆయన అలవాటు ప్రకారం వేలితో ట్యాంకుల గుండ్రాలు తడిమాడు. తర్వాత వేలిని గోడ మీద పెట్టి, ఎడమ చివర నుంచి నెమ్మదిగా నడిపించుకుంటూ వచ్చాడు. సందు దగ్గర వేలు ఆగిపోయింది.

 ఆయన తల ఎత్తి ఆమెవైపు చూశాడు. కోపమో, భయమో, ఆ ముఖం చూసి ఆమె చెప్పలేకపోయింది. ఇప్పుడు రాజుని పిలుస్తాడు. ఇదేమిటండీ అంటాడు. ఆమె సంచీ తీసుకుని మెట్లు దిగిపోతుంది. అంతదాకా వచ్చాక ఇక దాచుకోడానికి ఏముంది? కౌంటరు మీదకి కొంచెం ఒంగి, ఆయనకి మాత్రమే వినపడేట్టు అంది.

"శనివారం కలెక్టరాఫీసు వాళ్ళ చేతిలో ఈ కాగితమే ఉంటుందన్నారు కదా సార్. దారంతా నడుస్తారన్నారు."

వాళ్ళు నడుస్తారు. కాగితంలో అత్యవసర దారి అని ఉన్నచోట దారి కనిపిస్తుంది. రాసుకుని పోతారు. రాసుకుని పోయినదాన్ని సోమవారం ఏ మేస్త్రీ పూడుస్తాడు? ఇదంతా ఆమె అనలేదు. ఆయన వేలు సందు మీదే ఉంది, గోరు తెల్లబడేంత నొక్కి ఉంది.

రాజుకి ఆలస్యం అనుమానం కలిగించింది. గల్లాపెట్టె దగ్గరనుంచే మెడ చాచి, ఏం సార్, గోడ సరిగ్గా పడిందా అని అడిగాడు.

ఉమామహేష్ గారు గొంతు సవరించుకున్నాడు.

"గోడ సరిగ్గానే ఉందండీ. దారే ఇరుకుగా వేశారు. నేను కొలిచాను, ఆరున్నర అడుగులుంది."

జేబులోంచి పెన్ను తీసి, ఆ సందు పక్కన కాగితం మీద కొలత వేశాడు. అంకె కొంచెం వంకరగా వచ్చింది. దాని కింద సంతకం చేసి, తారీఖు వేసి, ఆమె వైపు చూడకుండానే హెల్మెట్ తీసుకుని బయటికి నడిచాడు. స్కూటరు మొదటి కిక్కుకి స్టార్టవలేదు. రెండోదానికీ అవలేదు. మూడోసారి అయ్యింది.

గజాలా సీట్లో కూచుంది.  మౌసు సరిగ్గా నిలబడ్డానికి ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుంది. గోడ రెండు కొసల్నీ ఇటొక పిసరు, అటొక పిసరు వెనక్కి జరిపి, ఆరున్నర అడుగులు చేసింది.